కుంచెడు తవుడుకు అమ్ముడుపోయిన ఊరు

ప్రభుత్వానికి అప్పుడప్పుడు జ్ఞానం కలుగుతూ ఉంటుంది. కలిగిన ప్రతిసారీ ఒక కొత్త శాఖ పుడుతుంది. ఆ ఏడాది కలిగిన జ్ఞానం ఏమిటంటే, ఊళ్ళకు పేర్లున్నాయి గానీ ఆ పేర్లెందుకు వచ్చాయో ఊళ్ళవాళ్ళకే సరిగ్గా తెలియదని. తెలియకపోతే వచ్చిన నష్టమేమిటని ఎవరూ అడగలేదు. కోటపట్నంలో కలెక్టరాఫీసు వెనకాల పాడుబడ్డ గోడౌనుకు సున్నం కొట్టించి, "గ్రామనామ మూల నిర్ధారణ శాఖ" అని బోర్డు తగిలించారు. డైరెక్టరుగా కృపానిధి గారు దిగారు. దిగుతూనే "మూలమే ప్రమాణం" అని ఒక నినాదం తయారుచేసి, దాన్ని కరపత్రాలుగా అచ్చువేయించి జిల్లా అంతా పంచారు.

నినాదంతో ఆగితే బాగుండేది. ఆయన నియమాలు కూడా రాశారు. అందులో ఏడో నియమం ఇది: "ఏ సంఘటన కారణముగా గ్రామమునకు పేరు ఏర్పడినదో, సదరు సంఘటనకు ఆ గ్రామము శాశ్వతముగా కట్టుబడి ఉండవలెను."

ఈ ఏడో నియమాన్ని మొదట ఎవరూ చదవలేదు. ఫారాలు మాత్రం అన్ని పంచాయతీలకూ వెళ్ళాయి. తవిటివలసకు వెళ్ళిన ఫారం బెవర తవుడు చేతిలో పడింది. తవుడు ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి. సొంత ఊళ్ళో ఉద్యోగం ఎవరికీ ఇవ్వరు గానీ, దారికి అడ్డంగా పారే కొండవాగును, అంటే గెడ్డను, దాటి వచ్చి పనిచేసేవాడెవడూ దొరక్క అతనికి ఇచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, నిదానస్తుడు, అబద్ధం ఆడవలసి వస్తే ముందుగా చెవులు ఎర్రబడిపోయేవాడు.

మిగతా ఊళ్ళ కార్యదర్శులు తెలివైనవాళ్ళు. వాళ్ళు ఒక రిటైర్డు తెలుగు మాస్టారిని పట్టుకున్నారు. ఆయన ఊరికో రాజునీ, రాజుకో ఏనుగునీ, అవసరమైనచోట ఒక మునినీ సప్లై చేశాడు. తవుడుకు కూడా ఒక రాజును ఇస్తానన్నాడు.

"వద్దు మాస్టారూ. మా ఊరికి పేరెలా వచ్చిందో అందరికీ తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను" అన్నాడు తవుడు.

రాశాడు. వాళ్ళ వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడకు కాసింత తవుడుకు అమ్మేస్తారు. ఈ బిడ్డ మాది కాదు, పరాయివాళ్ళదని చెప్పడానికి. చావు మోసపోయి వెళ్ళిపోతుంది. తల్లి బిడ్డను మళ్ళీ చంకనేసుకుని ఇంటికి వస్తుంది. ఆ బిడ్డకు తవుడు అని పేరు పెడతారు. ఇద్దరు అన్నలు పోయిన తరువాత మన తవుడు ఇలాగే బతికాడు. ముత్తాతల కాలంలో ఊరికి వాంతుల రోగం తగిలి ఇంటికో శవం లేస్తుంటే, పెద్దలకు వేరే ఉపాయం తోచక, బిడ్డకు చేసినట్టే ఊరికి చేశారు. అదీ తవిటివలస పేరు కథ. తవుడు దీన్నంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టి పంపాడు.

ఏడో నియమం పనిచేయడం మొదలుపెట్టాక గానీ జిల్లాకు దాని సంగతి తెలియలేదు. ముందు ఏనుగులమెట్ట పడింది. రాజుగారి పట్టపుటేనుగు ఆ మెట్ట మీద ఒక మధ్యాహ్నం నిద్రపోయిందని మాస్టారు రాశాడు. "ఏనుగు లేచినట్లు ఆధారము లేదు" అని శాఖ తేల్చింది. మెట్ట మీద చోడి పంట వేయడం, డప్పు కొట్టడం, ట్రాక్టరు నడపడం నిషేధించారు. ఏనుగు లేస్తే తినడానికి పచ్చగడ్డి సిద్ధంగా ఉంచమని పంచాయతీకి తాఖీదు ఇచ్చారు. రోజూ గడ్డి పెడుతున్నారు. సాయంత్రానికి ఊళ్ళో మేకలు తిని పోతున్నాయి. ఏనుగు ఆరోగ్యంగానే ఉన్నట్టు శాఖ నమోదు చేసుకుంది.

తరువాత మజిలీపేట. రాజుగారి సైన్యం అక్కడ రెండు రోజులు మజిలీ చేసిందట. మజిలీ అంటే తాత్కాలికం కదా. మూడో రోజు నుంచి అక్కడున్నవాళ్ళంతా గడువు మించి ఉంటున్నవాళ్ళేనని శాఖ నిర్ధారించి, మూడు వందల ఏళ్ళుగా ఎందుకు కదల్లేదో సంజాయిషీ అడిగింది. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని, కోటపట్నం వచ్చి శాఖ వరండాలో కూర్చుంది.

ఇవన్నీ విని తవుడు పాపం సంతోషించాడు. నిజం రాయడం ఎంత మంచిదైందో తల్లికి చెప్పాడు కూడా. మర్నాడే నామ పరిశీలకుడు సుధాంశు వచ్చాడు. పాతికేళ్ళవాడు, కళ్ళజోడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రాసుకునే అట్ట. వేసవి కాబట్టి గెడ్డలో చీలమండ లోతు నీళ్ళు కూడా లేవు. బూట్లు తడవకుండా దాటి వచ్చి, డెబ్బై దాటిన మరో ఇద్దరిని అడిగాక, తవుడు తల్లి అప్పలనరసమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, విక్రయ సమయంలో ఇరుపక్షాల సమ్మతి ఉన్నదా?" అన్నాడు.

"ఏటంతన్నాడ్రా ఈ బాబు?" అంది ఆవిడ కొడుకుతో.

"ఊరిని అమ్మినప్పుడు ఇష్టపడే అమ్మారా అని అడుగుతున్నాడమ్మా."

"ఇష్టమేటి నాయనా, ఇంటికో పీనుగు లెగుస్తంటే! మా తాత సేటలో ఊరి మట్టి ఎట్టుకుని, గెడ్డ దాటెల్లి, గుర్రాలపేటోల్ల సేతిలో ఎట్టీసినాడు. ఆల్లు కుంచెడు తవుడిచ్చినారు. ఈ ఊరు మాది కాదు తల్లీ, ఆల్లదని అమ్మోరికి సెప్పీసినారు. అమ్మోరు ఎల్లిపోనాది."

"స్వాధీనం చేయబడినది" అని రాసుకున్నాడు సుధాంశు. "తిరిగి కొన్నారా?"

"ఓలమ్మ! కన్నబిడ్డని తిరిగి కొనుక్కుంతారేటి? అమ్మినట్టు అమ్మి సంకనేసుకుని ఇంటికొచ్చీడవే."

"తిరిగి కొనలేదు" అని రాసుకుని, అతను తవుడు వైపు తిరిగాడు. "మీ పేరేమన్నారు?"

"తవుడండి."

సుధాంశు అతన్ని జాలిగా చూశాడు. "మనుషుల పేర్ల శాఖ ఇంకా పెట్టలేదు. అదృష్టవంతులు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "తవిటివలస గ్రామము కుంచెడు తవుడుకు గుర్రాలపేటకు విక్రయింపబడినట్లు నిర్ధారించడమైనది. ఇకమీదట సదరు గ్రామము గుర్రాలపేటకు శివారుగా పరిగణింపబడును. నియమము 7-బి ప్రకారము విక్రీత గ్రామమందలి ప్రభుత్వ సంస్థలన్నియు క్రేత గ్రామమునకు తరలింపబడును."

తవిటివలసలో ప్రభుత్వ సంస్థ ఒక్కటే. ప్రాథమిక పాఠశాల. ముప్ఫై ఒక్కమంది పిల్లలు, ఒక టీచరమ్మ. వేసవి సెలవుల తరువాత బడి తెరిచే సోమవారం ఉదయం పది గంటలకు దాన్ని గుర్రాలపేటకు చేర్చాలని ఉత్తర్వు.

ఇక్కడ గెడ్డ సంగతి చెప్పుకోవాలి. ఎండాకాలం దాన్ని గెడ్డ అనడానికి కూడా సిగ్గేస్తుంది. నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం కొండ మీది నీరంతా దానిలోకే దిగి, మనిషి లోతున ఎర్రగా పరుగెడుతుంది. కిందటేడు రెండు గేదెలను తీసుకుపోయింది. పెద్దవాళ్ళే తాడు పట్టుకుని దాటే గెడ్డ అది. తవుడు కూతురు పైడి ఆ ఏడాదే మూడో తరగతిలోకి వచ్చింది. ఉత్తర్వు చదివాక తవుడుకు అన్నం సహించలేదు. రాసింది తనే. తన చేత్తో, తన సంతకంతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ముప్ఫై ఒక్కమంది పిల్లలను గెడ్డలోకి దించాడు.

ముందు గుర్రాలపేట సర్పంచి గొర్లె సూరపునాయుడు దగ్గరికి వెళ్ళాడు. ఆయన తల పట్టుకున్నాడు.

"మాకెందుకు బావూ మీ ఊరు? మా ఊరినే ఏగనేకపోతన్నాం. మా తాత తవుడిచ్చినాడంటే ఏదో సాయానికిచ్చినాడు గానీ, ఊరు కొనుక్కోడానికిచ్చినాడేటి?"

అక్కణ్ణించి కోటపట్నం వెళ్ళి, వరండాలో మజిలీపేట మూటలు దాటుకుంటూ, కృపానిధి గారి ఎదుట నిలబడ్డాడు. డైరెక్టరు గారు బొద్దుగా, ప్రశాంతంగా ఉంటారు. ఎవరి బాధ విన్నా ఒకే రకంగా తలూపుతారు.

"చూడు తవుడూ, ఆవేదన వేరు, మూలం వేరు. మీ పెద్దలు ఒక నిర్ణయం తీసుకున్నారు. దాన్ని ఇన్నాళ్ళకు ప్రభుత్వం గౌరవిస్తోంది. మీరే గౌరవించడం లేదు."

"అది అమ్మకం కాదు సార్, ఆచారం."

"ఆచారమే కదయ్యా సాక్ష్యం! అరవై కాగితాలకంటే డెబ్బై దాటిన ముగ్గురు మనుషుల నోటిమాట మాకు ఎక్కువ. తొమ్మిదో నియమం చదువు."

"మధ్యలో గెడ్డ ఉంది సార్. పిల్లలు దాటలేరు."

"గెడ్డ నీటిపారుదల శాఖ పరిధిలోని విషయం. మా శాఖ దృష్టిలో గెడ్డ లేదు."

తవుడు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. జరిగింది తల్లికి చెప్పాడు. అప్పలనరసమ్మ చింతపండు పిక్క తీస్తూ అంతా విని, చివరికి ఒక్క మాట అంది.

"గుర్రాలపేటోల్లు మాత్తరం ఊరుకున్నారనుకున్నావేటి?"

"అంటే?"

"రోగం మనల్నొగ్గీసి గెడ్డ దాటినాది గదా. అప్పుడు ఆల్లు ఆల్ల ఊరు అట్టుకెల్లి ఉప్పలమొగోల్లకి అమ్మీసినారు. ఉప్పలమొగోల్లు జాలారిపేటోల్లకి. జాలారిపేటోల్లు కోటపట్నానికి."

"మరి కోటపట్నం వాళ్ళు?"

"ఆల్లకి అవతల సముద్రం. సముద్రానికి అమ్ముకుంతారేటి ఊరిని? రోగం వొచ్చి ఎల్లిపోన ఊరు ఏదని సూసుకుని, సేటలో మట్టెట్టుకుని మన దగ్గిరికే వొచ్చినారు. మా తాతే ఇచ్చినాడు తవుడు. ఇప్పటికీ కోటపట్నం కుమ్మరీధోల్లు ఏటేటా సేటలో మట్టి తెచ్చి మన పొలిమేరలో పోసెల్తారు, సూడ్లేదేటి నువ్వు?"

తవుడు చూశాడు. ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాడు. ఎందుకు పోస్తున్నారో ఎన్నడూ అడగలేదు. లేచి చొక్కా వేసుకున్నాడు. స్కూటరు మీద తొమ్మిది రోజులు తిరిగాడు. గుర్రాలపేటలో ముగ్గురు, ఉప్పలమొగలో ముగ్గురు, జాలారిపేటలో ముగ్గురు, కోటపట్నం కుమ్మరవీధిలో ముగ్గురు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే, అందరూ ఒకే మాట చెప్పారు. కుమ్మరవీధి ముసలాయనయితే, "మా పట్నం మీదే బాబూ. ఇన్నాల్లకి అడగడానికొచ్చినారా?" అని మజ్జిగ కూడా ఇచ్చాడు.

పన్నెండు వేలిముద్రలున్న ఆ కాగితాలను కృపానిధి గారు రెండుసార్లు చదివారు. ఫ్యాను కింద కూర్చుని కూడా చెమట తుడుచుకున్నారు.

"ఇది సక్రమంగానే ఉందా?" అని సుధాంశును అడిగారు.

"మనం అడిగినదానికంటే ఎక్కువే ఉంది సార్."

"అయితే కోటపట్నం..."

"తవిటివలసకు శివారు సార్. 7-బి ప్రకారం ఇక్కడి ప్రభుత్వ సంస్థలు అక్కడికి తరలాలి. పదకొండో నియమం ప్రకారం, అమలుచేసే శాఖే ముందు తరలి ఆదర్శంగా నిలవాలి." సుధాంశు కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "జిల్లా కేంద్రానికి మినహాయింపు అని చిన్న సవరణ వేసుకుంటే..."

కృపానిధి గారు బల్ల మీద చెయ్యి వేశారు. ఆయనలో ఎన్ని లోపాలున్నా, తను రాసిన వాక్యం మీద ప్రేమ మాత్రం నిజమైనది. కిటికీలోంచి మజిలీపేట జనం లోపలికే చూస్తున్నారు.

"నా నియమానికి నేనే మినహాయింపు రాసుకుంటే, రేపు వరండాలో వాళ్ళు నన్నేమంటారు? తరలుదాం. పల్లెటూరు, ప్రశాంతంగా ఉంటుంది. వచ్చే సోమవారం పది గంటలకు."

తవుడు ఏమనుకుని వచ్చాడో, అది జరగలేదు. కాగితాలు చూసి సిగ్గుపడి ఉత్తర్వు వెనక్కు తీసుకుంటారనుకున్నాడు. అతని మంచితనం అతన్ని ఊరుకోనివ్వలేదు.

"సార్, వానలు మొదలయ్యాయి. దారిలో గెడ్డ ఉంది."

"చెప్పాను కదయ్యా, మా దృష్టిలో గెడ్డ లేదు."

సోమవారం వచ్చింది. శనివారం నుంచీ వాన కురుస్తూనే ఉంది. గెడ్డ ఒడ్డు మీద ఇవతల బడి సామాను పేర్చి ఉంది: నల్లబల్ల, గంట, రెండు పెట్టెలు, మధ్యాహ్న భోజనం గుండిగ. టీచరమ్మ గొడుగు పట్టుకుని, పిల్లలెవరినీ ఒడ్డు పక్కనే ఉన్న బడి వరండా దిగనివ్వకుండా అడ్డంగా నిలబడింది. ఉద్యోగం పోతే పోనీ, పది గంటలకు కాదు గదా పన్నెండు గంటలకు కూడా దింపనని తవుడుతో చెప్పేసింది.

సరిగ్గా పదికి అవతలి ఒడ్డున ట్రాక్టరు కనబడింది. తొట్టిలో శాఖ ఫైళ్ళు, బీరువా, బోర్డు, వాటి మధ్య కుర్చీలో కృపానిధి గారు, ఆయన పక్కన సుధాంశు. డ్రైవరు ఆగాడు. తరువాత చెప్పాడు, ఆగుదామని తను మూడుసార్లు అన్నానని. నాలుగోసారి డైరెక్టరు గారు నియమం సంఖ్య చెప్పేసరికి దించేశాడట.

గెడ్డ నడిమధ్యలో ఇంజను గుడగుడమని ఆగిపోయింది. డ్రైవరు ఈదుకుంటూ వెళ్ళిపోయాడు. తొట్టి ఒక పక్కకు ఒరిగి ఫైళ్ళు జారాయి. ముందు ఏనుగులమెట్ట వెళ్ళింది, దాని వెనకే మజిలీపేట, ఎట్టకేలకు కదిలి. కృపానిధి గారు ఒరిగిన తొట్టిలోనే నడుం లోతు నీళ్ళలో బోర్డు పట్టుకుని నిలబడ్డారు.

ఇవతలి నుంచి మగవాళ్ళు తాడు విసిరారు. తవుడు తాడు నడుముకు కట్టుకుని దిగాడు. నీరు రొమ్ముదాకా వచ్చింది.

"ఇక్కడ గెడ్డ ఉందేమిటయ్యా!" అని అరిచారు డైరెక్టరు గారు.

"ఉంది సార్. మీ దృష్టికి ఇప్పుడే వచ్చింది."

"పిల్లలు... దీన్నే దాటాలా?"

"మీ ఉత్తర్వు ప్రకారం పది గంటలకే దాటాలి సార్. మీరు దారికి అడ్డంగా ఉన్నారని ఆగారు."

కృపానిధి గారు ఒడ్డు వైపు చూశారు. వరండాలో ముప్ఫై ఒక్క తలలు ఆయన్నే చూస్తున్నాయి. ఒక దుంగ కొట్టుకొచ్చి ఆయన పక్కటెముకలకు తగిలింది. ఆయన ముఖంలో రంగు మారింది. అది చలి వల్ల మాత్రమే కాదని తవుడు ఇప్పటికీ అంటాడు.

"సుధాంశూ! రాసుకో!"

ఒక్క కరపత్రం పొడిగా మిగిలింది, ప్లాస్టిక్ సంచీలో. తొట్టి పై అంచు మీదికెక్కి దాని వెనకవైపు సుధాంశు రాసుకున్నాడు. తొట్టి ఇంకా ఒరిగి, మెడ దాకా మునుగుతూ తేలుతూ కూడా డైరెక్టరు గారి భాష చెక్కు చెదరలేదు.

"పరిపాలనా సౌలభ్యము దృష్ట్యానూ... క్షేత్రస్థాయి పరిశీలనలో వెల్లడైన... ఆ తాడు వదలకయ్యా... వెల్లడైన అంశముల దృష్ట్యానూ, నియమము 7, 7-బి, 11 తక్షణమే రద్దుపరచడమైనది. ఏ గ్రామము ఆ గ్రామమే. ఏ బడి ఆ బడియే. సంతకం ఎక్కడ?"

"స్థలం ఏమని వేయమంటారు సార్?" అన్నాడు సుధాంశు, పళ్ళు టకటకలాడుతూ.

"గెడ్డ అని వెయ్యి!"

సంతకం అయింది. కాగితాన్ని తవుడు నోట కరచుకుని, ఇద్దరినీ ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఒడ్డెక్కాక ఏడుపొచ్చింది అతనికి. ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి దాచుకునే పని పడలేదు. బడి సామాను మళ్ళీ లోపలికి మోసుకెళ్ళారు. టీచరమ్మ గంట కొట్టింది.

కృపానిధి గారిని బడి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి తువ్వాలు కప్పారు. అప్పలనరసమ్మ అల్లం టీ తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగేసరికి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఎదురుగా పలక పట్టుకుని తననే చూస్తున్న పైడిని చూసి నవ్వారు. అలవాటైన నోరు ఊరుకోదు కదా.

"ఏమ్మా, మీ ఊరికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా నీకు?"

"తెలుసండి" అంది పైడి.

"చెప్పు మరి."

పైడి ఒకసారి తండ్రి వైపు చూసి, పలకను రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"సెప్పను. మా నాన్న మీకు సెప్పబట్టే గదా, మీరు బడి తీసీసినారు!"

కృపానిధి గారు టీ గ్లాసు కింద పెట్టి తల వంచుకున్నారు. రెండో ప్రశ్న అడగలేదు.